‘నెట్ రావట్లేదు’ అంటే సరిపోదు: టెక్ సాయం అడిగేవారికీ, చెప్పేవారికీ సమగ్ర మార్గదర్శి

"వైఫై పనిచేయట్లేదు, ఎవరైనా హెల్ప్ చేయండి." బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, బీటీఎం లేఅవుట్ వైపు ఏ తెలుగు గ్రూపు తెరిచినా రాత్రిపూట కనిపించే ప్రశ్న ఇదే. దాని కింద వరసగా "రీస్టార్ట్ చెయ్ బ్రో", "మా ఫ్లాట్‌లోనూ అంతే", "ఆ కంపెనీ తీసేసి వేరేది పెట్టించుకోండన్నా". ఇరవై మెసేజ్‌లు దాటినా రూటర్ మీద ఏ లైటు వెలుగుతోందని అడిగినవాళ్లుండరు, చెప్పినవాళ్లూ ఉండరు. తెలిసినవాళ్లు గ్రూపులో లేక కాదు. వాళ్లకు మీ రూటర్ కనబడదు, మీ ఫోన్ వాళ్ల చేతిలో ఉండదు. మీరు రాసిన నాలుగు ముక్కలతోనే వాళ్లు మీ ఇంటిని చూడాలి.

అడగడానికి ముందు పది నిమిషాలు

ప్రశ్న టైప్ చేయడం కన్నా ముందు చేయాల్సింది సమస్యను రెండుగా చీల్చడం: తప్పు ఈ పక్కన ఉందా, ఆ పక్కన ఉందా? ఫోన్ చార్జింగ్ ఎక్కట్లేదనుకోండి. అనుమానితులు నలుగురు: ప్లగ్ పాయింట్, అడాప్టర్, కేబుల్, ఫోన్. ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. కేబులూ అడాప్టరూ కలిపి మార్చేస్తే చార్జింగ్ ఎక్కుతుంది గానీ పాడైందేదో తెలియదు, మంచిది చెత్తబుట్టలో పడుతుంది. అదే కేబుల్‌తో ఇంట్లో ఇంకో ఫోన్ ఎక్కుతోందంటే కేబుల్ మీద అనుమానం తీరినట్టే. అప్పుడు ఫోన్ ఆపేసి టార్చి వెలుగులో పోర్టులోకి చూడండి. జేబులోని నూలు దుమ్ము లోపల గట్టిపడి ప్లగ్గును పూర్తిగా దిగనివ్వదు. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయొచ్చు, పిన్నీసు పెట్టొద్దు.

ఇంటర్నెట్‌కు ఇదే పద్ధతి ఇంకాస్త వివరంగా కావాలి, ఎందుకంటే ఎక్కువ ప్రశ్నలు దానిమీదే వస్తాయి.

మొదట లైట్లు. ఫైబర్ వచ్చి చేరే డబ్బా మీద ‘లాస్’ (ఎల్, ఓ, ఎస్) అన్న అక్షరాల దగ్గర ఎర్రగా ఉన్నా, ఎర్రగా మిణుకుమంటున్నా ఫైబర్‌లో వెలుగే రావట్లేదని అర్థం. మన నగరంలో ఈ తీగలు చాలాచోట్ల చెట్ల మీదుగా, స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన పడ్డ సాయంత్రం కొమ్మ విరిగితే తీగ తెగుతుంది. ఇంట్లో చూడగలిగింది ఒక్కటే: డబ్బా వెనక సన్నటి ఫైబర్ తీగ సోఫా కింద మడతపడిందా, ఊడిందా అని. అదేమీ లేకపోతే రీస్టార్టులు దండగ, కంపెనీకి కంప్లయింట్ పెట్టాల్సిందే. గ్రూపులో అడగాల్సింది కూడా మారిపోతుంది: "ఇదే కంపెనీ లైన్ మన బ్లాకులో ఇంకెవరికైనా పోయిందా?" ‘పాన్’ (పీ, ఓ, ఎన్) అనే లైటు నిలకడగా పచ్చగా ఉంటే లైన్ డబ్బాదాకా వచ్చినట్టే. అది ఆగకుండా మిణుకుమంటుంటే ఇంకా కలవలేదని.

తర్వాత చోటు మార్చి చూడటం. అదే ఫోన్‌తో రూటర్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో ఒకసారి, సమస్య ఉన్న గదిలో ఒకసారి. ఆ గదిలోనే ఇంకో ఫోనో ల్యాప్‌టాపో పెట్టి మరోసారి. పీజీల్లో అయితే డబ్బా కింది అంతస్తులో ఉండి పై అంతస్తులకు వేరే చిన్న రూటర్లు పెడతారు. మీరు పట్టుకున్నది ఏ అంతస్తు సిగ్నలో చూసుకోండి.

ఆ తర్వాత పింగ్, అంటే ఒక చిరునామాకు చిన్న పలకరింపు పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో చూడటం. విండోస్ సెర్చ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొడితే ‘డీఫాల్ట్ గేట్‌వే’ వరసలో మీ రూటర్ చిరునామా వస్తుంది. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, జియోఫైబర్‌కు 192.168.29.1. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పక్కనే టీ అక్షరం పెట్టి, మళ్లీ ఖాళీ వదిలి ఆ చిరునామా ఇవ్వండి. కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా అది ఆగదు. రెండు నిమిషాలు చూడండి. ఇంకో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే పని 8.8.8.8కు చేయండి, అది గూగుల్ నడిపే పబ్లిక్ డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే ఏర్పాటు) సర్వర్ చిరునామా.

- రూటర్‌కే అంకెలు వందల్లోకి ఎగురుతున్నా, ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ (జవాబు రాలేదు) అని వస్తున్నా తప్పు మీ వైఫైది. కంపెనీవాళ్లను తిట్టి లాభం లేదు.
- రూటర్ నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రం తడబడితే తప్పు బయటి లైన్‌ది.
- రెండూ బాగుండి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే మొదటి అనుమానం డీఎన్‌ఎస్.
- మూడూ బాగుండి ఒక్క యాప్ మొరాయిస్తే ఆ యాప్ సంగతి చూడండి, ఇల్లంతా తిరగేయొద్దు.

చివరికి కేబుల్. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు తీగతో కలిపి స్పీడ్ చూడండి. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు కేబుల్ మీద కూడా 94 దగ్గరే ఆగిపోతుంటే అది కంపెనీ మోసం కాకపోవచ్చు. ఎక్కడో ఒకచోట 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది, లేదా కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఏదో తెగింది. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు ఎనిమిదీ పనిచేయాలి. 100కు నాలుగు చాలు, అందుకే వేగం అక్కడికి దిగి నిలబడుతుంది. డౌన్‌లోడ్ సెకనుకు 12 ఎంబీ చూపిస్తోంది, ప్లాన్ 100 కదా అని అడిగేవాళ్లూ ఉంటారు. 100 మెగాబిట్లంటే పన్నెండున్నర మెగాబైట్లే. అక్కడ సమస్యే లేదు.

మన మాటల్లో దాక్కున్న అర్థాలు

మనం టెక్ బాధలన్నిటినీ నాలుగైదు మాటల్లో చుట్టేస్తాం. ‘నెట్’, ‘హ్యాంగ్’, ‘స్లో’, ‘స్ట్రక్’, ‘పోయింది’. మాట్లాడుకోవడానికి బాగానే ఉంటాయి గానీ రిపేరుకు పనికిరావు.

"సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది" అన్నారనుకోండి. మౌస్ బాణం కదులుతోందా? క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? లైటు స్పందిస్తుంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉంది, ఏదో ప్రోగ్రామో, డిస్కో, గ్రాఫిక్సో ఇరుక్కుంది. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొచ్చాక ఇరుక్కున్నది కదిలితే మీ ప్రశ్న బహుశా ‘హ్యాంగ్’ గురించి కాదు, డిస్‌ప్లే డ్రైవర్ గురించి. లైటు కూడా మారకపోతే మొత్తం బిగుసుకుపోయింది. అప్పుడు వేడి, ర్యామ్, డిస్క్ వైపు చూడాలి.

"బ్యాటరీ రావట్లేదు" కన్నా అంకె మేలు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ ద్వారా ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, ఖాళీ వదిలి, వాలుగీత పక్కనే ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి రాసి రిపోర్ట్ తీస్తే అందులో ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ అని రెండుంటాయి. మొదటిది 41,000, రెండోది 20,000 అయితే బ్యాటరీ సగం అరిగిపోయింది, ఏ సెట్టింగూ దాన్ని తిరిగి తేలేదు. ఆ రెండు అంకెలు రాస్తే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకు వెళ్లి బ్యాటరీ మార్పించాలా వద్దా అన్నది ఒక్క జవాబుతో తేలుతుంది.

"స్లో" అంటే ఆన్ కావడానికి అయిదు నిమిషాలా? క్రోమ్ ఒక్కటేనా? ఇదివరకు ఎంతసేపు పట్టేది?

ప్రశ్న రాయడం

శీర్షికలో ‘అర్జెంట్’, ‘ప్లీజ్ హెల్ప్’ వద్దు. వస్తువు, లక్షణం, ఎప్పుడు అన్న మూడూ ఉంటే తెలిసినవారు ఆగి చదువుతారు.

మోడల్ పూర్తిగా రాయాలి. ‘రెడ్‌మీ నోట్ 12’ అంటే చాలదు. అదే పేరుతో 4జీ, 5జీ, ప్రో, ప్రో ప్లస్ అని వేర్వేరు ఫోన్లున్నాయి. టీపీ లింక్ ఆర్చర్ సీ6 రూటర్ ఒకే పేరుతో పలు హార్డ్‌వేర్ వర్షన్లలో వచ్చింది. అడుగున స్టిక్కర్ మీద ‘వెర్’ పక్కనున్న అంకె చూడకుండా ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వేయమని చెప్పడం ప్రమాదం. ఫోన్‌కు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, ల్యాప్‌టాప్‌కు సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని అడుగున అబౌట్. విండోస్ 10 వాడుతుంటే ఆ ముక్క తప్పక రాయండి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, జవాబు దాన్నిబట్టి మారొచ్చు.

సమస్య మొదలయ్యే ముందు ఏం మారింది? అప్‌డేట్ వచ్చిందా, రూటర్ మార్చారా, ఇల్లు మారారా, కింద పడిందా? జనం దాచేది దీన్నే, చాలాసార్లు జవాబు ఉండేదీ ఇక్కడే. కాఫీ ఒలికితే ఒలికిందని రాయండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

ఎర్రర్ మెసేజ్‌ను తెలుగులోకి మార్చొద్దు, కుదించొద్దు. తెరమీద ఉన్న అక్షరాలు ఉన్నట్టే టైప్ చేసి, ఫొటో అదనంగా పెట్టండి. ఫొటోలో ఉన్న అక్షరాలను వెతకడం కష్టం. మధ్యమధ్యలో వచ్చిపోయే తేడాకు పది సెకన్ల వీడియో మంచిది. రెండు నిమిషాల వాయిస్ నోట్ మాత్రం వద్దు. ఆఫీసులోనో మెట్రోలోనో ఉన్నవాళ్లు దాన్ని తెరవరు, విన్నా అందులో మోడల్ నంబర్ పట్టుకోలేరు.

రోగం చెప్పకుండా మందు అడిగే ప్రశ్నలు ఇంకో రకం. "బెస్ట్ డీఎన్‌ఎస్ ఏది?" అని మొదలవుతుంది. పదిమంది పది పేర్లు చెప్పాక తెలిసేదేమంటే అసలు బాధ రాత్రి సినిమా ఆగి ఆగి రావడమని, దానికీ డీఎన్‌ఎస్‌కూ సంబంధం లేదని. "ఫోన్ క్లీన్ చేయడానికి మంచి యాప్ చెప్పండి" కూడా అంతే. వాట్సాప్ వీడియోలతో స్టోరేజ్ నిండిన ఫోన్‌లో ఇంకో యాప్ ఎక్కించమని అడగడమది.

ఇవన్నీ కుదిరిన నమూనా ఒకటి:

*రాత్రి 9 తర్వాత బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్‌కు మాత్రమే వైఫై ఆగి ఆగి వస్తోంది, కేబుల్‌తో బాగుంది*

*అన్నా, నమస్తే. మాది మూడో అంతస్తు. 200 ఎంబీపీఎస్ ప్లాన్. రూటర్ హాల్లో ఉంది, బెడ్‌రూమ్‌కు మధ్య ఒక గోడ. ల్యాప్‌టాప్ విండోస్ 11, మోడల్ ఫొటో కింద పెట్టాను. రాత్రి 9 నుంచి 11 దాకా వీడియో కాల్‌లో మాట నాలుగైదు సెకన్లు ఆగిపోతోంది, పగలు లేదు. రెండు వారాలుగా ఇంతే, దానికి ముందురోజే కంపెనీవాళ్లు రూటర్ మార్చారు. బెడ్‌రూమ్ నుంచి 192.168.1.1కు పింగ్ 3 నుంచి 400 దాకా ఊగుతోంది, వందలో ఏడెనిమిది టైమ్డ్ అవుట్. హాల్లో కేబుల్ పెడితే 1 దాటలేదు. అదే బెడ్‌రూమ్‌లో నా ఫోన్ బాగానే ఉంది. రూటర్ ఒకసారి ఆపి వేశాను, తేడా లేదు. రీసెట్ బటన్ నొక్కలేదు, సెట్టింగ్స్ పోతాయని భయం. రూటర్‌లో ఏం మార్చి చూడాలి?*

పెట్టకూడనివి

స్క్రీన్‌షాట్ పెట్టేముందు దాని నాలుగు మూలలూ చూడండి. పైన నోటిఫికేషన్‌లో ఓటీపీ, బ్యాంకు మెసేజ్ ఉండొచ్చు. రూటర్ అడుగు స్టిక్కర్ మీద వైఫై పాస్‌వర్డ్ అచ్చయి ఉంటుంది. అబౌట్ ఫోన్ తెరలో ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన 15 అంకెల ఐఎంఈఐ, ల్యాప్‌టాప్ అడుగున సీరియల్ నంబర్, బిల్లు మీద ఫోన్ నంబరూ ఫ్లాట్ నంబరూ ఉంటాయి. చెరిపేటప్పుడు మార్కర్ బ్రష్ వాడొద్దు, అది పలచగా పడి కింది అంకెలు కనిపిస్తాయి. నిండు రంగు పెట్టె పెట్టండి, లేదా ఆ ముక్క కత్తిరించండి.

ప్రశ్న పెట్టిన అయిదు నిమిషాల్లో "కస్టమర్ కేర్ నుంచి, ఈ నంబర్‌కు కాల్ చేయండి" అంటూ విడిగా మెసేజ్ చేసేవారిని బ్లాక్ చేయండి. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకుని కోడ్ చెప్పమంటే ముఖం తెలియనివారికి చెప్పొద్దు. ఆ కోడ్ ఇస్తే మీ యూపీఐ తెర వాళ్ల ముందు పెట్టినట్టే. డబ్బు పోతే గ్రూపులో రాయడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

జవాబు చెప్పేవారికి

జవాబిచ్చేవారు చేసే పెద్ద తప్పు ఊహను నిర్ధారణలా చెప్పడం. "మదర్‌బోర్డ్ పోయింది బ్రో" అనడానికి ఒక్క క్షణం చాలు. అవతలివారు అది నమ్మి కొత్త ల్యాప్‌టాప్ కొనేయగలరు. ఇదే మోడల్‌లో ఇదే చేసి చూశారా, విన్నారా, అనుమానమా అన్నది జవాబులోనే ఉండాలి. చాట్‌బాట్ ఇచ్చింది చూడకుండా అతికించడం ఇంకా చేటు, ఆ మోడల్‌లో లేని మెనూలను కూడా అది ఉన్నట్టే రాసేస్తుంది.

సలహాలకో వరస ఉంది. ముందు కేవలం చూడటం. తర్వాత వెనక్కి తిప్పుకోగలిగిన మార్పు. ఆ తర్వాత ఖర్చయ్యేది. ఆఖర్న డేటా పోయేది. మన గ్రూపుల్లో ఇది తలకిందులై ‘ఫార్మాట్ కొట్టేయ్’ ముందొస్తుంది. ఆ మాట అనేముందు కనీసం రెండు సంగతులు అడగాలి.

ఫోన్ అయితే, గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందా? బటన్లు నొక్కి రికవరీ ద్వారా ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆండ్రాయిడ్ తిరిగి పాత అకౌంటే అడుగుతుంది. ఊళ్లో అమ్మ ఫోన్‌కు ఎప్పుడో షాపువాడు ఏదో జీమెయిల్ పెట్టి ఉంటాడు, ఆ మెయిల్ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. రీసెట్ అయ్యాక ఫోన్ తాళం పడి కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ అయితే, బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుంది? మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన చాలా విండోస్ 11 యంత్రాల్లో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చమని మీరు తేలిగ్గా చెబుతారు, మళ్లీ ఆన్ చేస్తే 48 అంకెల కీ అడగొచ్చు. ముందుగా అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ రాసుకోమని చెప్పాకే బయోస్ మాటెత్తాలి.

ఒకేసారి ఎనిమిది ప్రశ్నలు వేస్తే అడిగినవారు పారిపోతారు. రెండు చాలు, అవీ సమాధానం ఎలా కనుక్కోవాలో చెబుతూ. ప్రతి మెట్టులో ఏం నొక్కాలో, నొక్కితే ఏం కనిపించాలో, కనిపించకపోతే ఎక్కడ ఆగాలో రాయండి. పెద్దవాళ్ల ఫోన్ తెలుగులో ఉంటే మీ ‘సెట్టింగ్స్‌లో అబౌట్’ వాళ్లకు దొరకదు. పళ్ల చక్రం గుర్తు, ఆ జాబితాలో ఎన్నో వరసో చెబితే ఏ భాషలోనైనా దొరుకుతుంది.

పై ప్రశ్నకు మంచి జవాబు ఇలా ఉంటుంది:

*లైన్ బాగుంది, తేడా వైఫైలోనే. కొత్త రూటర్లు చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు వైఫై బ్యాండ్లకూ ఒకే పేరు పెడతాయి, మీ ల్యాప్‌టాప్ 2.4నే పట్టుకుంటోందని నా అనుమానం, ఖాయం కాదు. రాత్రి అందరూ ఇంటికి చేరాక అపార్ట్‌మెంట్‌లో 2.4 ఇరుకైపోతుంది, అక్కడ ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ముందు చూడాల్సింది: సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ వైఫై ప్రాపర్టీస్. కిందికి వెళ్తే ‘నెట్‌వర్క్ బ్యాండ్’ ఉంటుంది. 5 అని ఉంటే ఏమీ మార్చకుండా ఇక్కడ రాయండి. 2.4 అని ఉంటే రూటర్ పేజీలో 5కు వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలపండి. 2.4 పాత పేరు కదపొద్దు. సీసీ కెమెరా, స్మార్ట్ బల్బు లాంటివి చాలావరకు 2.4 మీదే నడుస్తాయి, పేరు మారిస్తే అన్నీ మళ్లీ కలుపుకోవాలి. నచ్చకపోతే రెంటికీ ఒకే పేరు పెట్టేస్తే మొదటికొస్తుంది.*

అడగకుండా ఆపేయాల్సినవి

బ్యాటరీ ఉబ్బి ఫోన్ వెనక మూత లేస్తే, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి పొంగితే చార్జింగ్ తీసేయండి, నొక్కొద్దు, గుచ్చొద్దు, సర్వీసుకు ఇవ్వండి. హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటుంటే వెంటనే ఆపండి. గ్రూపు చెప్పిన స్కాన్‌లన్నీ నడిపితే మిగిలిన ఫొటోలూ పోతాయి. నీళ్లలో పడ్డ ఫోన్‌ను చార్జింగ్ పెట్టి చూడొద్దు, బియ్యం డబ్బాలో పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు కాపీ, డూప్లికేట్ సిమ్ తీసుకుని ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. వారంటీలో ఉన్నదాన్ని సర్వీసువాళ్లు తిప్పుతూ ఉంటే ఆ తగువుకు గ్రూపు కన్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నయం.

ముగింపు మెసేజ్

"సెట్ అయిపోయింది, థ్యాంక్స్ అన్నా" అని వదిలేస్తే అన్నకు సంతోషమే. ఆరు నెలల తర్వాత అదే బాధతో వెతుక్కుంటూ వచ్చినవారికి మాత్రం అందులో ఏమీ దొరకదు. ఏది చేశాక కుదిరిందో, ఏది చేసినా కుదరలేదో, ఎన్నాళ్లు చూశారో రాయాలి. మొదటి మెసేజ్‌కే రిప్లైగా పెడితే ప్రశ్నా జవాబూ ఒకచోట ఉంటాయి:

*బ్యాండ్ 2.4 అనే చూపించింది. ముందు ఛానెల్ 6 నుంచి 1కి మార్చాను, పెద్ద తేడా లేదు. 5కు వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్ కలిపాక బెడ్‌రూమ్ నుంచి పింగ్ 2 నుంచి 6 మధ్యే ఉంటోంది. మూడు రాత్రులు 9 నుంచి 11 దాకా చూశాను, ఒక్క టైమ్డ్ అవుట్ లేదు. బాల్కనీలో 5 అందట్లేదు, అక్కడ మాత్రం పాత పేరే వాడుతున్నాను.*